పాల శీతలీకరణ: కొత్త పరిశోధనలు, మన సంఘాల నిర్ణయాలు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



శీతలీకరణలో జరుగుతున్న కొత్త పరిశోధనలను గురించి చెప్పమని మమ్మల్ని కోరారు. మేము ఇంజనీర్లము కాము. సహకార డిప్లొమా చదివి, సంఘాల పుస్తకాలు, వోచర్లు, తీర్మానాలు తనిఖీ చేసేవాళ్ళము. అయినా ఈ విషయం మాట్లాడటానికి ఒప్పుకున్నామంటే కారణం ఉంది. పాల సంఘం ఖర్చుల పట్టికలో కరెంటు, డీజిలు, కూలరు రిపేర్లు, గ్యాసు నింపుడు, విరిగిన పాల నష్టం అనే పద్దులు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఈ అయిదు పద్దులూ చలికి సంబంధించినవే. కాబట్టి ప్రయోగశాలలో జరిగే పరిశోధన చివరికి మన నగదు పుస్తకంలోకే వస్తుంది.

ఈ నాలుగైదేళ్ళలో మన సంఘాలలో చాలా వాటికి పాత కూలర్ల స్థానంలో కొత్తవి కొనవలసిన అవసరం రాబోతున్నది. అప్పుడు తప్పు యంత్రం కొంటే పది పదిహేనేళ్ళు దాన్ని మోయవలసి వస్తుంది. ఆ నిర్ణయానికి పనికివచ్చే మాటలు మాత్రమే ఈ రోజు చెబుతాము.

పాలలో వేడి ఎంత?

గేదె పొదుగు నుంచి పాలు దాదాపు 37, 38 డిగ్రీల వెచ్చదనంతో వస్తాయి. మన కేంద్రానికి చేరేసరికి 35 డిగ్రీలు ఉంటాయనుకుందాం. వాటిని 4 డిగ్రీలకు దించాలి. వెచ్చటి పాలలో సూక్ష్మజీవులు సుమారు అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. ఒకటి రెండై, రెండు నాలుగై, మూడు గంటలకు 64, ఆరు గంటలకు 4,096 అవుతాయి. అప్పుడే పిండిన పాలకు సహజంగా కొంత రక్షణ శక్తి ఉంటుంది. కాని అది వెచ్చదనంలో రెండు మూడు గంటలకు మించి నిలవదు. ఆ తరువాత ఎంత గొప్ప యంత్రం పెట్టినా పెరిగిన సూక్ష్మజీవులు తగ్గవు. చలి పాలను బాగుచేయదు. ఉన్న మంచితనాన్ని నిలబెడుతుంది, అంతే.

ఇక ఎంత చలి కావాలో లెక్క చూద్దాం. వెయ్యి లీటర్ల పాల బరువు సుమారు 1,030 కిలోలు. ఒక కిలో పాలను ఒక డిగ్రీ దించడానికి 0.94 కిలోకేలరీ వేడి తీసివేయాలి. 31 డిగ్రీలు దించాలంటే మొత్తం 30,000 కిలోకేలరీలు. ఒక కిలో మంచు కరిగితే 80 కిలోకేలరీల వేడిని పీల్చుకుంటుంది. అంటే వెయ్యి లీటర్ల పాలను చల్లబరచడానికి దాదాపు 375 కిలోల మంచు కావాలి. కరెంటు లెక్కలో ఈ వేడి 35 యూనిట్లకు సమానం. యంత్రం ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని తీసివేయగలిగితే 12 యూనిట్లు ఖర్చవుతుంది. ఆచరణలో ఇంకొంత ఎక్కువే అవుతుంది.

యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఎలా పోతుందని కొందరు అడుగుతారు. కూలరు చలిని తయారు చేయదు. పాలలోని వేడిని తోడి బయట పారబోస్తుంది, అంతే. బావిలోంచి నీళ్ళు తోడినట్టు. బావి ఎంత లోతైతే అంత శ్రమ. ఇక్కడ బావి లోతు ఏమిటంటే, చల్లబరిచే గొట్టాల ఉష్ణోగ్రతకు, బయట వేడిని వదిలే కండెన్సరు ఉష్ణోగ్రతకు మధ్య ఉన్న తేడా. లోపల 0 డిగ్రీలు, కండెన్సరు 45 డిగ్రీలు ఉంటే ఒక లోతు. కండెన్సరు దుమ్ముపట్టి, గాలి ఆడని గదిలో ఉండి 55 డిగ్రీలకు చేరితే, సిద్ధాంతం ప్రకారమే శ్రమ అయిదో వంతుకు పైగా పెరుగుతుంది. కొత్త యంత్రం కొనకుండా, ఒక్క రూపాయి పెట్టుబడి లేకుండా, కండెన్సరుకు నీడ, గాలి, శుభ్రత ఇచ్చి ఈ ఖర్చు తప్పించుకోవచ్చు.

చలిని దాచుకోవడం

పరిశోధకులు ఎక్కువగా కృషి చేస్తున్న మొదటి దిక్కు ఇది. మన దగ్గర కూలరుకు పని పడేది పూటకు రెండు మూడు గంటలే. ఆ వేళలోనే కరెంటు పోతే జనరేటరు వేయాలి. గాలివానకు తీగలు తెగి, డీజిలు లేక, పాలు విరిగిన ఉదంతాలు మీకు మేము చెప్పనవసరం లేదు.

వెయ్యి లీటర్ల పాలను మూడు గంటల్లో చల్లబరచాలంటే గంటకు 10,000 కిలోకేలరీల వేడి తీయాలి. ఇంజనీర్ల భాషలో ఇది 3.3 టన్నుల యంత్రం. టన్ను అనే ఈ కొలత కూడా మంచు నుంచే వచ్చింది. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరిగితే ఎంత చల్లదనం ఇస్తుందో అదే ఒక టన్ను. ఇప్పుడు అదే పనిని కరెంటు ఉన్న పది గంటలకు సర్ది, ముందుగా మంచు కట్టి ఉంచుకుంటే, నష్టాలు తీసేసి లెక్కవేస్తే ఒక టన్ను యంత్రం సరిపోతుంది. పాలు వచ్చిన వేళకు కరెంటు లేకపోయినా చల్లటి నీటిని తిప్పే చిన్న పంపు నడిస్తే చాలు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నట్టు, కరెంటు ఉండగానే చలిని కూడబెట్టుకోవాలి.

ఐస్ బ్యాంకు అనే ఈ పద్ధతి పాతదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో టీకా మందులు దాచే పెట్టెలు కూడా గోడల చుట్టూ మంచు పెట్టుకుని కరెంటు లేని గంటలను దాటిస్తాయి. కొత్తదనం ఎక్కడుందంటే ఆ మంచు కట్టే తీరులో. సాధారణ ఐస్ బ్యాంకులో గొట్టం చుట్టూ మంచు మందంగా పేరుకున్నకొద్దీ వేడి దాటడం కష్టమవుతుంది. యంత్రం సున్నాకు ఇంకా కిందికి దిగి పనిచేయాలి. బావి లోతు పెరుగుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. నీరు 0 డిగ్రీల వద్ద గడ్డకట్టాలని పుస్తకంలో ఉంటుంది. నిజానికి కొన్నిసార్లు అంతకన్నా కిందికి పోయినా గడ్డకట్టకుండా నిలుస్తుంది. దీన్ని తప్పించడానికి గడ్డకట్టడాన్ని మొదలుపెట్టించే పదార్థాలను కలపడం, వేడి త్వరగా దాటేందుకు లోహపు రెక్కలు, గ్రాఫైటు వాడటం, మంచును ముద్దగా కాక జావలాగా తయారుచేసి పంపుతో తిప్పడం వంటి వాటిపై పని జరుగుతున్నది. చలిని ఇలా దాచి పాలను కొద్ది నిమిషాల్లో చల్లబరిచే యంత్రాలు మన దేశంలో కూడా తయారై గ్రామ కేంద్రాలకు వచ్చాయి.

ఇంకా చిన్న కేంద్రాలకు మరొక మార్గం ఉంది. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం వారు సూర్యరశ్మితో నడిచే పెట్టెలో మంచు తయారుచేసి, ఆ మంచును 30 లీటర్ల పాల క్యానులోనే ప్రత్యేకమైన అరలో పెట్టే పద్ధతి రూపొందించి ట్యునీషియా, కెన్యా దేశాలలో రైతుల దగ్గర పరీక్షించారు. 6 కిలోల మంచుతో 30 లీటర్ల పాలు 36 నుంచి 15 డిగ్రీలకు దిగుతాయి. మన లెక్కతో సరిచూసినా ఇది సరిపోతుంది. 15 డిగ్రీలు అంటే 4 డిగ్రీలు కాదు నిజమే. కాని దూరపు శివారు గ్రామం నుంచి కూలరు దాకా వచ్చే దారిలో పాలు విరగకుండా కాపాడటానికి అది చాలా విలువైనది. ఇక్కడ నేర్చుకోవలసింది యంత్రం కాదు, ఆలోచన: సూర్యుని శక్తిని ఖరీదైన బ్యాటరీలో దాచనక్కరలేదు, మంచులో దాచవచ్చు.

గ్యాసుల కథ

రెండో దిక్కు గ్యాసులు. మన పాలకవర్గాలు తప్పనిసరిగా తెలుసుకోవలసిన విషయం ఇదే.

1870ల్లో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే అమ్మోనియాతో నడిచే యంత్రాలను వాడుకలోకి తెచ్చాడు. పెద్ద డెయిరీలు ఈనాటికీ అమ్మోనియానే వాడుతున్నాయి. అది చవక, పనిమంతురాలు. కాని ఘాటైన విషవాయువు కాబట్టి జనం మధ్య ఉండే చిన్న కేంద్రానికి పనికిరాదు. 1928-30 ప్రాంతంలో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ బృందం క్లోరో ఫ్లోరో కార్బన్లు కనిపెట్టింది. విషం లేదు, మంట లేదు. అందరూ సంతోషించారు. 1974లో మోలినా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు ఈ వాయువులు పైకిపోయి భూమికి గొడుగువంటి ఓజోను పొరను తినేస్తాయని చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో దానిలో చేరింది. 2010 నుంచి ఆ మొదటి తరం గ్యాసులను మానివేసింది.

మన పాత కూలర్లలో చాలా భాగం ఆర్-22 అనే రెండో తరం గ్యాసుతో నడుస్తాయి. దీనికి కూడా గడువు వచ్చింది. 2024 డిసెంబరు 31 తరువాత మన దేశంలో కొత్త యంత్రాల తయారీలో ఆర్-22 వాడకూడదు. పాత యంత్రాల రిపేర్లకు దొరికే గ్యాసు కూడా ఏటేటా తగ్గుతూ, 2030 నుంచి 2040 వరకు నామమాత్రంగా మాత్రమే మిగులుతుంది. అంటే మీ ఆర్-22 కూలరును రేపే పారేయమని ఎవరూ అనరు. కాని దాని ఆయుష్షు ఇక కంప్రెసరు మీద ఆధారపడదు, గ్యాసు దొరకడం మీద ఆధారపడుతుంది.

ఆర్-22 పోయిన చోట ఆర్-404ఎ వంటి గ్యాసులు వచ్చాయి. వీటికి ఓజోను దోషం లేదు. కాని వేడెక్కించే దోషం ఉంది. నూరేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడును 1 అనుకుంటే ఆర్-22 వేడెక్కించే శక్తి 1,810, ఆర్-404ఎ శక్తి 3,922. ఒక్క కిలో ఆర్-404ఎ కారిపోతే దాదాపు 4 టన్నుల కార్బన్ డయాక్సైడు వదిలినట్టు. అందుకే 2016లో రువాండా దేశపు కిగాలి నగరంలో వీటిని కూడా తగ్గించాలని ఒప్పందం కుదిరింది. మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది. దాని ప్రకారం 2028లో వాడకం పెరగకుండా ఆపాలి. తరువాత 2032లో 10 శాతం, 2037లో 20, 2042లో 30, 2047లో 85 శాతం తగ్గించాలి. ఈ రోజు కొనే యంత్రం ఈ మెట్లలో మొదటి రెండింటినైనా చూస్తుంది. కాబట్టి “కొత్త గ్యాసు” అని చెప్పగానే సరిపోదు. ఏ గ్యాసు అన్నది అడగాలి.

పరిశోధకులు ఇప్పుడు మళ్ళీ ప్రకృతిలో ఉన్న పదార్థాల వైపు తిరిగారు. ఒకటి ప్రొపేను, అంటే మన వంటగ్యాసులో ఉండేదే. దాని సంఖ్య ఆర్-290. వేడెక్కించే శక్తి నామమాత్రం, పనితనం చాలా బాగుంటుంది. కాని మండుతుంది. కాబట్టి యంత్రంలో ఎంత తక్కువ గ్యాసు పెట్టి ఎంత ఎక్కువ పని రాబట్టవచ్చు అన్నదే పరిశోధన. సన్నని కాలువలున్న అల్యూమినియం కండెన్సర్లు దీనికి తోడ్పడ్డాయి. దుకాణాలలోని చల్లటి పెట్టెల విషయంలో అంతర్జాతీయ ప్రమాణం ఇటువంటి గ్యాసులకు అంతవరకు 150 గ్రాములే అనుమతించేది. 2019లో తగిన జాగ్రత్తలతో 500 గ్రాముల దాకా పెంచింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆర్-22 దొరకడం లేదనో, చవక అనో మెకానిక్కు పాత కూలరులో మండే గ్యాసు నింపుతానంటే ఒప్పుకోవద్దు. ఆ గ్యాసు కోసం తయారైన యంత్రంలో స్విచ్చీలు, వైరింగు, గాలి ఏర్పాటు అన్నీ వేరుగా ఉంటాయి. పాత యంత్రంలో ఒక చిన్న కారుడు, ఒక నిప్పురవ్వ చాలు. అలాగే కారుడు పరీక్షకు ఎప్పుడూ నైట్రోజనే వాడాలి. ఆక్సిజను సిలిండరు తగిలిస్తే లోపలి నూనెతో కలిసి పేలుతుంది. మనం కాపాడేది పాలను మాత్రమే కాదు, ఆ గదిలో పడుకునే ఆపరేటరును కూడా.

రెండవ ప్రకృతి పదార్థం కార్బన్ డయాక్సైడు. నార్వేలో గుస్తావ్ లోరెంట్‌జెన్ 1980ల చివర దీన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు. మంట లేదు, చవక. అయితే ఇది 31 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ద్రవంగా మారదు. మన ఎండలకు అదే పెద్ద అడ్డంకి. అధిక పీడనంలో వృథా అయ్యే శక్తిని ఎజెక్టరు అనే సాధనంతో తిరిగి పట్టుకుని వేడి దేశాలలో కూడా దీన్ని నడపడం మీద ఐ.ఐ.టి. మద్రాసులో నార్వే సహకారంతో పరిశోధన జరిగింది. ఇది ముందుగా పెద్ద డెయిరీలకు వస్తుందని, గ్రామ కేంద్రానికి రావడానికి ఇంకా కాలం పడుతుందని మా అభిప్రాయం.

గ్యాసు మాట వచ్చింది కాబట్టి మా తనిఖీలో చూసిన ఒక సంగతి. ఒక సంఘంలో వరుసగా మూడు వేసవులు “గ్యాసు నింపుట” అని వోచర్లు ఉన్నాయి. అడిగితే, “వేసవిలో ఎక్కువ ఖర్చవుతుంది కదండీ” అన్నారు. గ్యాసు డీజిలు వంటిది కాదు. ఖర్చు కాదు. మూసిన గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే కారిందన్నమాట. కారిన చోటును వెతికి అతికించకుండా నింపడమంటే చిల్లికుండలో నీళ్ళు పోయడమే. నాలుగో వేసవిలో ఒక సాయంత్రం కంప్రెసరు కాలిపోయింది. ఆ పూట పాలన్నీ పోయాయి. మూడేళ్ళ వోచర్ల మొత్తంతో గొట్టం పూర్తిగా మార్పించి ఉండవచ్చు.

పారేసే వేడి

మూడవ దిక్కు వేడిని తిరిగి వాడుకోవడం. పాలలోంచి తీసిన వేడిని కండెన్సరు గాలిలో పారేస్తుంది. అదే గదిలో ట్యాంకు, క్యాన్లు కడగటానికి నీళ్ళు కాచడానికి మళ్ళీ కరెంటో కట్టెలో కాలుస్తాము. వెయ్యి లీటర్ల పాలనుంచి వచ్చే 30,000 కిలోకేలరీలలో మూడో వంతు పట్టుకున్నా 300 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడి చేయవచ్చు. కంప్రెసరు నుంచి వెలువడే వేడి గ్యాసును కండెన్సరుకు పంపేముందు ఒక నీళ్ళ పీపా చుట్టూ తిప్పడమే ఈ ఏర్పాటు. దానివల్ల కండెన్సరు మీద భారం కూడా కొంత తగ్గుతుంది. ట్యాంకు వేడినీటితో బాగా కడిగితే మరుసటి పూట పాలలో సూక్ష్మజీవులు తక్కువ. కనుక ఈ వేడి రెండు విధాల లాభం.

పెద్ద డెయిరీలలో ఇంకో అడుగు వేశారు. పాశ్చరీకరణకు పాలను 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉంచాలి. ఒకవైపు బాయిలరు వేడి చేస్తుంది, ఇంకోవైపు అమ్మోనియా యంత్రం చల్లబరిచి వేడిని పారబోస్తుంది. ఆ పారబోసే వేడిని కార్బన్ డయాక్సైడు హీట్ పంపుతో పైకెత్తి నీళ్ళు కాచుకోవచ్చునని పిలానీలోని బిట్స్ పరిశోధకులు లెక్కకట్టి చూపారు. ఇది ఫెడరేషను స్థాయిలో ఆలోచించవలసిన విషయం.

గ్రామ స్థాయిలో చేయదగింది మరొకటి. పాలు ట్యాంకులో పడేముందు ప్లేట్ల కూలరు ద్వారా బోరు నీటితో ఒకసారి దాటిస్తే, 35 డిగ్రీల పాలు 30 డిగ్రీలకు దిగినా యంత్రం పనిలో దాదాపు ఆరో వంతు తగ్గినట్టే. ఆ నీరు పారబోయనక్కరలేదు. పశువుల తొట్టికి పంపవచ్చు.

ప్రయోగశాలలో ఉన్నవి

పత్రికల్లో కనిపించే మరికొన్ని సంగతులు క్లుప్తంగా చెబుతాము. కొన్ని లోహాలు అయస్కాంతం దగ్గరకు వస్తే వేడెక్కి, దూరమైతే చల్లబడతాయి. 1997లో అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాలలో గడోలినియం మిశ్రమంలో ఈ గుణం చాలా ఎక్కువగా ఉన్నట్టు కనుగొన్నారు. 2019లో ఒక రకం మెత్తని స్ఫటికాలను నొక్కి వదిలితే అటువంటి ఫలితం వస్తుందని చూపారు. 2022 చివర బర్క్‌లీ ప్రయోగశాల వారు ఉప్పు అయానులతో ద్రవాన్ని గడ్డకట్టించి కరిగించే పద్ధతి ప్రకటించారు. వీటిలో కారిపోయే గ్యాసే లేదు. ఇవన్నీ మంచి ఆశలు. కాని పల్లెలో పాల ట్యాంకును చల్లబరిచే స్థాయికి రాలేదు. ఎవరైనా అటువంటి యంత్రం అమ్ముతామని వస్తే, నడుస్తున్న చోటు చూపించమనండి.

ఒక్క పరిశోధన మాత్రం మనకు ఇప్పుడే పనికివస్తుంది. 2014లో స్టాన్‌ఫర్డ్ వారు ఎండలో పెట్టినా చుట్టూ ఉన్న గాలికన్నా సుమారు 5 డిగ్రీలు చల్లగా ఉండే పలకను తయారుచేశారు. అది ఎండను తిప్పికొట్టి, తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. ఈ సూత్రం మన దేశానికి కొత్తది కాదు. అలహాబాదులో రాత్రిపూట గుంటలలో ఎండిన కాడలు పరచి, లోతులేని మట్టి మూకుళ్ళలో నీళ్ళు పోసి మంచు కట్టించేవారని 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు అధికారి రాశాడు. ఈ పలకలు పాలను 4 డిగ్రీలకు దించలేవు. కాని కూలరు గది కప్పుకు తెల్లటి పూత వేస్తే గది చల్లబడి బావి లోతు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది కూడా. కొత్త పెయింటు కొనలేకపోతే ప్రతి ఫాల్గుణ మాసంలో రెండు పూతల సున్నం వేయించండి.

కొనే ముందు అడగవలసినవి

కొటేషన్లు పిలిచేటప్పుడు చాలా పాలకవర్గాలు రెండే అడుగుతాయి: ఎన్ని లీటర్లు, ఎంత ధర. తక్కువ ధర కొటేషను తీర్మానంలోకి ఎక్కుతుంది. మేము తనిఖీలో చూసేదీ తక్కువ ధరకు కొన్నారా అనే అనుకుంటారు. కాదు. విచారించి కొన్నారా అని చూస్తాము. కారణాలు తీర్మానంలో రాసి, ఎక్కువ ధర యంత్రం కొన్నా ఆక్షేపణ ఉండదు. అందుకు ఈ ఆరు ప్రశ్నలు కొటేషను నోటీసులోనే పెట్టండి.

ఒకటి, ఏ గ్యాసు, ఎన్ని కిలోలు, దాని వేడెక్కించే శక్తి ఎంత?

రెండు, ఎంత ఎండలో పనిచేస్తుంది? పాల ట్యాంకులకు ఐ.ఎస్.ఓ. 5708 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాన్లో ఏ తరగతి అంటే 38 డిగ్రీల గాలిలో పూర్తి పనితనం, 43 డిగ్రీల వరకు సురక్షితంగా నడవటం. బి, సి తరగతులు చల్లటి ప్రదేశాలకు. మనకు ఏ తరగతే కావాలి. మన వేసవి 43 కూడా దాటుతుంది కాబట్టి నీడ, గాలి తప్పనిసరి.

మూడు, 35 నుంచి 4 డిగ్రీలకు ఎన్ని గంటలు? అదే ప్రమాణంలో రెండున్నర, మూడు, మూడున్నర గంటల తరగతులున్నాయి.

నాలుగు, కరెంటు పోతే ఎంతసేపు, దేని బలంతో పనిచేస్తుంది?

అయిదు, పారేసే వేడితో నీళ్ళు కాచే ఏర్పాటు ఉందా?

ఆరు, రిపేరు చేసేవారు ఎంత దూరంలో ఉన్నారు, పాలు వచ్చే వేళకు రాగలరా?

యంత్రం వచ్చాక రెండు అంకెలు నిజాయితీగా రాయండి. పూటపూటకు ట్యాంకు ఉష్ణోగ్రత, నెలకు వెయ్యి లీటర్లకు ఖర్చయిన యూనిట్లు. కొన్ని సంఘాల లాగ్ పుస్తకంలో నెల పొడుగునా ఒకే కలం, ఒకే 4 కనిపిస్తుంది. ముప్పై రోజులు ఒకేసారి కూర్చుని రాసిన 4 అది. అటువంటి పుస్తకం మా తనిఖీకి పనికివస్తుందేమో గాని మీ పాలకు పనికిరాదు. వెయ్యి లీటర్ల యూనిట్లు నెలనెలకు పెరుగుతున్నాయంటే గ్యాసు కారుతున్నదనో, కండెన్సరు మూసుకుపోయిందనో యంత్రం మీకు ముందుగానే చెబుతున్నదన్నమాట. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ప్రయోజనం లేదు.

డబ్బు మాట

చివరి మాట, అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కూలరు మీద ప్రతి సంవత్సరం తరుగుదల తీస్తాము. అది ఆస్తి అప్పుల పట్టికలో అంకెగా ఉంటుంది. ఆ డబ్బు బ్యాంకులో ఉందా అని చూస్తే చాలా చోట్ల ఉండదు. బోనసుకో, పాల ధరకో, భవనానికో పోయి ఉంటుంది. యంత్రం ఆగిన రోజున సంఘం అప్పుకు పరుగెత్తుతుంది, లేదా ఏది చవకైతే అది కొంటుంది.

రోజుకు వెయ్యి లీటర్లు సేకరించే సంఘం లీటరుకు 20 పైసల చొప్పున వేరే ఖాతాలో వేస్తే రోజుకు 200 రూపాయలు, ఏడాదికి 73,000, అయిదేళ్ళకు వడ్డీ కాక 3,65,000 రూపాయలు అవుతుంది. ఈ ఏడాది మహాజన సభలోనే ఈ తీర్మానం పెట్టండి. సభ్యులు అడ్డుచెబుతారని భయపడవద్దు. లెక్క వివరంగా చెబితే ఒప్పుకోని సభను మేము ఇంతవరకు చూడలేదు.

ఎందుకంటే, పాలు విరిగిన పూట నష్టం ఎవరిదో ఆలోచించండి. పుస్తకంలో “సంఘానికి నష్టం” అని రాస్తాము. సంఘమంటే ఎవరు? ఇరవై లీటర్లు పోసే ఆసామికి ఆ నష్టం తెలియకపోవచ్చు. ఒక్క గేదె పెట్టుకుని, పూటకు రెండు లీటర్లు పోసి, పది రోజుల బిల్లుతో బియ్యం, పిల్లల ఫీజు సర్దుకునే మనిషికి తెలుస్తుంది. ఆమె పాలు మంచివే. పొదుగు కడిగి, వేళకు పిండి, వేళకు తెచ్చి పోసింది. ఆమె చేయవలసిందంతా చేసింది. ఆ తరువాతి బాధ్యత మనది. అయస్కాంతాల మీద, మంచు మీద, గ్యాసుల మీద జరిగే ఇంత పరిశోధనా చివరికి ఆ రెండు లీటర్లు విరగకుండా లారీ ఎక్కడానికే అని మనం గుర్తుంచుకుంటే, ఏ యంత్రం కొనాలో నిర్ణయించడం కష్టం కాదు.